కాలిఫోర్నియా ప్రజల తీర్పు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2006లో ఒక చట్టము చేసెను. భూతాపమును పెంచు వాయువుల విడుదల 2020 నాటికి 1990 నాటి మట్టమునకు దిగవలెనని దాని ఆశయము. అందులకు పర్యావరణ సంఘములు మిక్కిలి పాటుపడినవి.

2010లో కొన్ని చమురు కంపెనీలు ధనము పోసి, ఆ చట్టమును తాత్కాలికముగా నిలుపుటకు ప్రజల ఓటు కోరినవి. నిరుద్యోగము ఏడాది పొడవున నూటికి 5.5కు మించకున్నచో చట్టము మరల అమలగునట! నాడది నూటికి 12కు పైగా నుండెను. ఇట్టి నిలుపుదల రద్దునకు మెత్తని పేరే.

పర్యావరణ సంఘములును, చమురుశుద్ధి కర్మాగారముల పొగ పీల్చు పేటల సంఘములును ఇంటింటికి తిరిగి ఈ షరతును విప్పి చెప్పినవి. వారి పక్షమునను ధనికులు లేకపోలేదు. ఓటర్లలో నూటికి 60 మందికి పైగా నిలుపుదల వద్దనిరి. 2016 నాటికే వాయువుల విడుదల 1990 మట్టమునకు దిగువకు వచ్చెను.