చిల్లకూరు బడిలో లోకవృత్తము

చరిత్ర పాఠమనగానే మన బాలబాలికలకు మొదట తోచునవి పానిపట్టు యుద్ధములు, రాజుల వరుసలు, సంవత్సరముల పట్టికలు. అర్థశాస్త్రమనగా నిర్వచనములు, ప్రపంచ వ్యవహారములనగా రాజధానుల పేర్లు. ఈ మూడింటిని కంఠస్థము చేసి పరీక్షయందు మంచి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థియే, గూడూరి మార్కెట్టులో నిమ్మకాయల ధర నిన్నటికిని నేటికిని ఏల మారినదని తండ్రి అడిగినచో బదులు చెప్పలేక నిలుచును. లోపము విద్యార్థిది కాదు. పాఠమునకును ఊరికిని నడుమ వంతెన కట్టబడలేదు. ఆ వంతెన ఎట్లు కట్టవచ్చునో నెల్లూరు సీమలోని చిల్లకూరును దృష్టాంతముగా గైకొని శ్రోతలకు వివరింపదలచితిమి.

చిల్లకూరు గూడూరునకు చేరువనే, మద్రాసు నుండి కలకత్తాకు పోవు రహదారిని ఆనుకొని యున్నది. మండలము తూర్పున బంగాళాఖాతము వరకు వ్యాపించినది. ఇట్టి యూరికి చరిత్ర యేమి కలదని కొందరు అడుగవచ్చును. మన పటమును విప్పి, ఇచ్చటి నుండి తీరము వెంబడి దక్షిణముగా వ్రేలు జరిపినచో దుగరాజపట్నము తగులును. ఇంగ్లీషు వర్తకులు దీనిని ఆర్మగాన్ అని పిలిచిరి. 1611లో మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పిన ఈస్టిండియా కంపెనీవారు అచ్చటి చిక్కులు పడలేక, 1626 ప్రాంతమున ఇచ్చట మరియొక స్థానమును ఏర్పరచుకొని, కొలదికాలములోనే దానికి కోటయు కట్టుకొనిరి. కాని సమీపముననే ప్రళయకావేరి యందు, అనగా పులికాటున, డచ్చివారు బలముగా పాతుకొని యుండిరి. పైగా కంపెనీవారికి కావలసిన నూలు వస్త్రములు ఇచ్చట చాలినన్ని దొరకలేదు. ఆర్మగాన్ అధికారియైన ఫ్రాన్సిస్ డే దక్షిణమున వెదకి, వస్త్రములు చౌకగా దొరకు చోటు చూచి, 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని వలన మద్రాసుపట్నమున కోట కట్టుకొనుటకు అనుమతి పొందెను. మరుసటి సంవత్సరము వర్తకులు అచ్చటికి తరలిపోయిరి.

ఈ కథను తారీఖుల పట్టికగా చెప్పినచో రెండు నిమిషములలో ముగియును. "మద్రాసు మహానగరము దుగరాజపట్నమున ఏల వెలయలేదు?" అని అడిగినచో ఒక గంట చాలదు. నేతగాని మగ్గము, వస్త్రపు వెల, యూరోపు దేశముల పరస్పర వైరము, స్థానిక నాయకుని ఆశలు, ఇవన్నియు ఒక్క ప్రశ్నలో ముడివడి యున్నవి. చరిత్రయు, అర్థశాస్త్రమును, ప్రపంచ వ్యవహారములును వేర్వేరు పుస్తకములలో ఉన్నను లోకములో కలిసియే నడచునని విద్యార్థికి అప్పుడు తెలియును.

రెండవ పాఠమునకు బకింగుహాము కాలువ ఉన్నది. ఈ తీరము వెంటనే సాగి, పెదగంజాము మొదలు మరక్కాణము వరకు 400 కిలోమీటర్లకు పైగా పోవు ఈ ఉప్పునీటి కాలువపై ఒకప్పుడు కట్టెలు, ఉప్పు, ధాన్యము నింపిన పడవలు మద్రాసునకు పోవుచుండెడివి. 1806లో మద్రాసున ఒక చిన్న భాగముగా ఆరంభమైన ఈ పని దఫదఫాలుగా పెరిగినది. 1876–78 నాటి ధాత, ఈశ్వర సంవత్సరముల ఘోర క్షామమున, నగరములోని కూవము, అడయారు నదులను కలుపు భాగమును కరువు కూలీలచే త్రవ్వించిరి. 1878లో గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు కాలువకు పెట్టిరి. త్రవ్వినవారి పేర్లు ఎచ్చటను లేవు.

ఇచ్చట ఉపాధ్యాయుడు ఒకింత నిలిచి చెప్పవలసిన సంగతి యున్నది. 1877లో కరువు పనులలో పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యము, ఒక అణాగా సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించెను. పౌను అనగా అరకిలోకు తక్కువ. దినమెల్ల మన్ను మోయువానికి అది చాలదని నాడే నిరసనలు చెలరేగెను. ఓడలపైనను రైళ్లపైనను మద్రాసునకు ధాన్యము వచ్చుచునే యుండెను. కొనుటకు చేత డబ్బు లేక జనులు లక్షలుగా మరణించిరి. తిండిలేమికిని కూలిలేమికిని గల ఈ సంబంధమును 1880 నాటి క్షామ విచారణ సంఘము గుర్తించినది. అనంతపురము జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2వ తేదీన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనప్పుడు, దాని వెనుక ఈ పాత గుణపాఠము కలదు. ఉపాధి పనికి పోయి వచ్చిన తల్లి చేతి మట్టి ఏ పాఠ్యపుస్తకమునకు సంబంధించినదో ఆమె బిడ్డ యెరుగవలెను గదా!

మూడవ పాఠము శ్రోతల యింటనే కలదు. తాతలనాటి వాల్వు రేడియో ఎవరి యింటనైన నిలిచియున్నచో, దాని కండెన్సర్లలో అభ్రకపు రేకులు ఉండవచ్చును. పల్లెలయందు కాకిబంగారమనెడి ఈ ఖనిజమునకు గూడూరు ప్రాంతపు గనులు ప్రసిద్ధములు. పలుచని రేకులుగా చీలుట, వేడికి ఓర్చుట, విద్యుత్తును నిరోధించుట దీని గుణములు. అందువలన రెండవ ప్రపంచ యుద్ధకాలమున రేడియోలకు, విమానములకు దీని అవసరము మిక్కుటమయ్యెను. పిమ్మట ట్రాన్సిస్టర్లు వచ్చెను. అభ్రకమునకు బదులు వేరు పదార్థములు వచ్చెను. పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైనది. మాస్కోలో జెండా మారినచో గూడూరు పరిసరములలో రేకులు చీల్చు స్త్రీల కూలి తగ్గునా? తగ్గును. గిరాకి, సరఫరా అను మాటలకు ఇంతకన్న మంచి నిర్వచనమును మేము చూపజాలము.

నేటి సంగతులును ఇట్టివే. కృష్ణపట్నపు రేవు చెంత వంటనూనె శుద్ధి కర్మాగారములు ఉన్నవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధము వలన ప్రొద్దుతిరుగుడు నూనె రాక తగ్గెను. అదే యేడు ఏప్రిలు చివర ఇండొనేషియా ప్రభుత్వము పామాయిలు ఎగుమతిని కొన్ని వారములు నిషేధించెను. చిల్లకూరు కిరాణా కొట్టులో నూనె ప్యాకెట్టు ధర పెరుగుటకు కారణములు అంత దూరమున ఉన్నవి. 2025 ఆగస్టు 27 నుండి అమెరికా మన సరుకులపై సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు, ఈ తీరమునందలి రొయ్యల చెరువుల గట్లపై దిగులు క్రమ్మెను. విదేశాంగ విధానమనునది రాజధానులకే చెందినదని ఇక ఎవరు అనగలరు?

కడపటి పాఠమునకు ఉత్తరము ఇంకను వ్రాయబడలేదు. చిల్లకూరు, కోట మండలముల తీరమున తెల్లని సిలికా యిసుక విస్తారముగా కలదు. అది గాజు పరిశ్రమకు ముడిసరుకు. ఆ యిసుక దిబ్బలే వాననీటిని పీల్చి నిలుపుకొని, సముద్రపు ప్రక్కనే తీయని నీటిని ఇచ్చును. దిబ్బను త్రవ్వినచో ధనము వచ్చును, నీరు తగ్గవచ్చును. ఈ మండలములలోనే కృష్ణపట్నము పారిశ్రామిక నగరమునకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. ఏ పని ఎవరికి దొరకును? ఏ నేల పోవును? ఏ నీరు మిగులును? ఈ ప్రశ్నలకు తీర్పు చెప్పువారు పదేండ్ల తరువాత నేడు బడిలో కూర్చున్నవారే. లెక్క చూడనేర్చినవారు చెప్పు తీర్పు వేరు. ఇతరులు చెప్పిన దానికి తలయూపువారి తీర్పు వేరు.

రేడియో పాఠమునకు ఒక పరిమితి కలదు. మా గొంతు వినబడును గాని పటము కనబడదు. కావున వినుటకు ముందు ఉపాధ్యాయులు గోడకు పటము తగిలించి, దుగరాజపట్నము, మద్రాసు, మాస్కో, జకార్తా గుర్తింపించవలెను. వినుచున్నప్పుడు పిల్లలు వ్రాసుకొనుట వలదు. చెవి యొగ్గిన చాలును. విన్న పిదప ప్రశ్నలు వారే అడుగవలెను. ఇంటివారు చేయదగిన సాయమును కలదు. నెలకొకమారు నూనె, ఉప్పు, నిమ్మకాయ, రొయ్య, ఈ నాలుగింటి ధరలను పిల్లలచేత ఒక నోటుపుస్తకములో వ్రాయించుడు. ధర మారిన నెలలో కారణమును వార్తలలో వెదకింపుడు. ఊరిలోని వృద్ధులను అడిగి, కాలువపై పడవలు ఎప్పటివరకు తిరిగెనో, గనికి ఎవరెవరు పోయెడివారో తెలిసికొని అదే పుస్తకమున చేర్పింపుడు. ఏడాది తిరుగునప్పటికి ఆ నోటుపుస్తకము చిల్లకూరు చరిత్రయు, అర్థశాస్త్రమును అగును. అట్టి పుస్తకమును ఏ ముద్రణాలయమును అచ్చువేసి యియ్యజాలదు. దానిని పిల్లలే వ్రాయవలెను.