క్రాలర్ చేతికిచ్చే చిట్టా

సెర్చ్ ఇంజిన్ల తరఫున ఇంటర్నెట్‌ను గాలించే క్రాలర్ అనే ప్రోగ్రాముకు తెలిసిన దారి ప్రధానంగా ఒక్కటే: చేతికందిన పేజీని చదివి, అందులోని లింకులను ఏరి, వరుసలో పెట్టుకొని, ఒక్కొక్కటిగా తెరుస్తూ పోవడం. వార్తల సైట్లకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ఒక వ్యాసం మరొక వ్యాసానికి దారి చూపుతూనే ఉంటుంది. పిడిఎఫ్ ఫైళ్ళను కలపడం, ఫోటో సైజు తగ్గించడం, ఈఎమ్ఐ లెక్కగట్టడం, కొలతలు మార్చడం వంటి పనులు చేసిపెట్టే ఆన్‌లైన్ టూల్స్ సైటులో మాత్రం పేజీ నిండా ఉండేవి వాక్యాలు కావు, ఖాళీ గళ్ళు. మనిషి అంకె టైపు చేసి బటన్ నొక్కితేగాని తరువాతి పేజీ రాదు, క్రాలర్ సాధారణంగా ఆ పనికి పూనుకోదు.

భూమి కొలతల మార్పిడినే తీసుకుంటే చిక్కు ఎంతటిదో తెలుస్తుంది. ఎకరానికి 4,840 చదరపు గజాలు. అదే ఎకరాన్ని ఆంధ్రలో 100 సెంట్లుగా, తెలంగాణలో 40 గుంటలుగా లెక్కపెడతారు. హెక్టార్లు, చదరపు అడుగులు, ఉత్తరాది బిఘాలు మొదలైనవన్నీ చేర్చి ఒక సైటు 20 కొలమానాలను అందించి, ప్రతి మార్పిడికీ విడి పేజీ పెడితే, సెంట్లను గజాల్లోకి మార్చేది ఒకటి, గజాలను సెంట్లలోకి మార్చేది మరొకటి గనుక, 20ని 19తో గుణించగా 380 పేజీలు తేలతాయి. వాడుకరి ఇచ్చిన అంకె కూడా చిరునామాలో చేరితే 5 ఎకరాలకు ఒక పేజీ, 5.1 ఎకరాలకు ఇంకొకటి చొప్పున ఇక అంతంటూ ఉండదు. ఆ విధంగా క్రాలర్‌కు అందని పేజీలూ, దాన్ని అంతులేని తిరుగుడులో పడవేసే పేజీలూ ఒకే సైటులో పక్కపక్కనే ఉంటాయి. వీటిలో ఏవి చూడదగినవో చెప్పగలిగినవాడు ఆ సైటును కట్టినవాడే.

అతడు చెప్పేదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా రాసిపెట్టే ఫైలే సైట్‌మ్యాప్. ప్రతి విలువకూ ముందూ వెనుకా దాని పేరు తగిలించి రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో తయారయ్యే ఈ ఫైలులో పేజీ చిరునామా తప్పనిసరి. చివరిసారి మార్చిన తేదీ, ఎంత తరచుగా మారుతుందన్న అంచనా, సైటులోని మిగతా పేజీలతో పోల్చితే దాని ప్రాధాన్యం ఐచ్ఛికం. ఒక ఫైలులో 50,000 చిరునామాలు మించకూడదు, కుదించకముందు దాని పరిమాణం 50 మెగాబైట్లు దాటకూడదు. అవసరమైతే ముక్కలు చేసి, ఆ ముక్కలన్నిటినీ చూపే సూచిక ఫైలు ఒకటి పైన పెట్టాలి. పరిమితి దాటకపోయినా టూల్స్ సైటులో విభాగానికొక ఫైలు ఉంచడమే మేలు, ఎందుకంటే ఇండెక్సింగ్, అంటే చదివిన పేజీని వెతుకులాటకు దొరికేలా భద్రపరచే పని, ఏ విభాగంలో వెనుకబడిందో అప్పుడు విడివిడిగా తెలుస్తుంది.

సైటే తన జాబితాను తాను ఇవ్వాలన్న ఆలోచన ఒకసారి పుట్టి, పోటీలో ఓడి, పన్నెండేళ్ళకు తిరిగి వచ్చింది. 1993లో ఎంఐటిలో మాథ్యూ గ్రే తొలి క్రాలర్లలో ఒకటైన వరల్డ్ వైడ్ వెబ్ వాండరర్‌ను వదిలిన కొద్ది నెలలకే, బ్రిటన్‌లోని నెక్సర్ సంస్థలో పనిచేస్తున్న మార్టైన్ కోస్టర్ దానికి పూర్తిగా ఎదురుదారిలో అలీవెబ్‌ను ప్రకటించాడు. ఆగకుండా పేజీలు అడిగే క్రాలర్ల తాకిడికి ఆనాటి సర్వర్లు కుంగిపోయేవి కనుక, సర్వర్ నడిపేవారే తమ దగ్గర ఏమేమి ఉన్నాయో ఒక ఫైలులో వివరిస్తే అలీవెబ్ ఆ ఒక్క ఫైలునే తెచ్చుకొని సరిపెట్టుకునేది. లెక్కకు ఇదే తెలివైన పద్ధతి, కాని ఆ వివరాలను కూర్చొని రాసే ఓపిక ఎక్కువమందికి లేకపోయింది. క్రాలర్లకు ఎవరి ఓపికతోనూ పనిలేదు కాబట్టి అవే గెలిచాయి. క్రాలర్లు ఎక్కడికి రాకూడదో చెప్పే రోబోట్స్ ఫైలును 1994లో ప్రతిపాదించి, గెలిచినవాటికి లక్ష్మణరేఖ గీసినవాడు కూడా ఈ కోస్టరే.

2000లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జుంగ్‌హూ చో, హెక్టర్ గార్సియా-మొలీనా, నారాయణన్ శివకుమార్ తదితరులు, సర్వర్లు తమ పేజీల పేర్లను, అవి మారిన తేదీలను క్రాలర్లకు ముందే అందిస్తే ఎంత ఆదా అవుతుందో ఒక పరిశోధనపత్రంలో పరిశీలించారు. అదే శివకుమార్ గూగుల్‌లో ఇంజినీరింగ్ డైరెక్టరుగా ఉండగా 2005 జూన్‌లో ఆ సంస్థ సైట్‌మ్యాప్స్‌ను విడుదల చేసింది. ఈసారి ఫైలును చేత్తో రాయనక్కరలేదు, సైటు డేటాబేసు నుంచి ప్రోగ్రామే దాన్ని తయారుచేస్తుంది.

ఈ ఫైలులోని అసలు చమత్కారం తేదీలో ఉంది. కొత్త పేజీని కనిపెట్టడంకన్నా, పాత పేజీ మారిందో లేదో కనిపెట్టుకొని ఉండడమే క్రాలర్‌కు పెద్ద భారం. వెబ్ సంభాషణకు నియమావళి అయిన హెచ్‌టిటిపిలో ఫలానా తేదీ తరువాత మారితేనే పేజీ పంపమని అడిగే వీలుంది, మారకపోతే సర్వర్ 304 అనే సంకేతంతో ముగిస్తుంది. అయితే ఆ ప్రశ్నను పేజీ పేజీకీ విడిగా వేయవలసిందే. 40,000 పేజీల సైటులో 12 పేజీలు మారాయనుకుంటే, సర్వర్ మీద భారం పడకుండా సెకనుకొక ప్రశ్న చొప్పున అడుగుతూ పోయే క్రాలర్‌కు ఆ సంగతి పూర్తిగా తెలియడానికి 11 గంటలు దాటుతుంది. సైట్‌మ్యాప్ ఉంటే ఆ ఫైలును తెచ్చి, తన దగ్గరున్న తేదీలతో పోల్చి, ఆ 12 పేజీలను మాత్రమే అడుగుతుంది: మొత్తం 13 అభ్యర్థనలు.

అయితే తన గురించి తాను చెప్పుకునేవాడి మాటను ఎంతవరకు నమ్మాలన్నది పాత సమస్యే. పేజీ తలభాగంలో యజమానులు రాసుకునే కీవర్డులు అతిశయోక్తులతో ఎంతగా నిండిపోయాయంటే, వెబ్ ఫలితాల క్రమానికి వాటిని అసలు వాడడం లేదని 2009లో గూగుల్ స్పష్టం చేయవలసి వచ్చింది. సైట్‌మ్యాప్‌లోని అంశాలూ ఈ పరీక్షలోనే విడిపోయాయి. ప్రాధాన్యానికి 0.0 నుంచి 1.0 వరకు విలువ ఇవ్వవచ్చునంటే అన్ని పేజీలకూ 1.0 రాసినవారున్నారు, దాన్నీ, మార్పు తరచుదనాన్నీ గూగుల్ పట్టించుకోదు. చిరునామా నిజమో కాదో తెరిస్తే తేలుతుంది. తేదీ నిజమో కాదో పాత ప్రతితో పోల్చితే తేలుతుంది. అందుకే నిలకడగా నిజం చెప్పే సైట్ల తేదీలను మాత్రం గూగుల్ వాడుకుంటుంది. అర్ధరాత్రి కాగానే అన్ని టూల్స్‌కూ ఆనాటి తేదీ వేసే ప్రోగ్రామును నడిపే సైటు తన మాట విలువను తానే పోగొట్టుకుంటుంది. పేజీ అడుగున కాపీరైటు సంవత్సరం మారడం కూడా మార్పుగా లెక్కకు రాదు. ఊళ్ళో ఎవరెవరున్నారో చెప్పే ఓటర్ల జాబితా వారిలో పెద్దమనుషులెవరో చెప్పనట్లే, సైట్‌మ్యాప్ పేజీల ఉనికినే చెబుతుంది; అందులో పేరున్నంత మాత్రాన ఇండెక్సులో చోటు ఖాయం కాదు.

ఒకరి సైట్‌మ్యాప్‌లో మరొకరి చిరునామాలు చేర్చకుండా చేసిన కట్టుబాటు ఇంకా ముచ్చటైనది. ఫైలు ఏ ఫోల్డరులో ఉందో ఆ ఫోల్డరులోని, దాని కింది చిరునామాలకే అది సాధారణంగా చెల్లుతుంది. సర్వర్‌లో ఆ చోట ఫైలు పెట్టగలగడమే అక్కడ అధికారం ఉందనడానికి రుజువు, వేరే సంతకం అక్కరలేదు. భాషల విషయంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది: ఒక టూల్‌కు తెలుగు, హిందీ, ఇంగ్లీషు పేజీలుంటే ప్రతి పేజీ నమోదులోనూ మూడింటినీ చూపాలి, ఒకటి రెండోదాన్ని చూపి రెండోది తిరిగి చూపకపోతే ఆ బంధాన్ని సెర్చ్ ఇంజిన్ వదిలేయవచ్చు. తెలుగు చిరునామాలకు అదనంగా నిడివి బెడద కూడా ఉంది, ఎందుకంటే వెబ్‌లో వాడే యూనికోడ్ రూపంలో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటుకూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు పడతాయి; తొమ్మిది గుర్తుల ‘హైదరాబాద్’ అక్కడ 81 అక్షరాలవుతుంది. చిరునామా మొత్తం 2,048 అక్షరాల లోపే ఉండాలి.

మనుషుల కోసం మామూలు పేజీగా పెట్టే సైట్‌మ్యాప్‌ను ఇప్పుడు చాలామంది అనవసరమనుకుంటున్నారు గాని, టూల్స్ సైటుకు అది నిజంగా కావలసిందే. వందల టూల్స్‌ను విభాగాలవారీగా చూపే ఆ పేజీ వల్ల ఏ టూల్ అయినా ముఖపేజీ నుంచి రెండు క్లిక్కుల దూరంలో ఉంటుంది. పైగా ఎక్స్‌ఎంఎల్ ఫైలులో తప్ప ఎక్కడా లింకు లేని పేజీ, క్రాలర్‌కు తెలిసినా, దాన్ని బలపరిచే మరో పేజీ లేని అనాథగానే మిగులుతుంది.

తరువాతి చరిత్ర త్వరగానే సాగింది. 2006లో గూగుల్‌తో యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి రావడంతో ఎక్స్‌ఎంఎల్ సైట్‌మ్యాప్ ఉమ్మడి ప్రమాణమైంది. 2007లో సైట్‌మ్యాప్ ఎక్కడుందో రోబోట్స్ ఫైలులోనే ఒక వరుసగా రాసే వీలు వచ్చి, కోస్టర్ ఓడిన ఆలోచన ఆయన గెలిచిన ఫైలులో చోటు సంపాదించుకుంది. సైట్‌మ్యాప్ మారిందని ఎవరైనా తట్టి చెప్పగలిగే పింగ్ సదుపాయంలో స్పామే ఎక్కువైందని 2023లో గూగుల్ దాన్ని మూసివేయనున్నట్లు ప్రకటించింది. అంతకుముందే, 2021లో, మైక్రోసాఫ్ట్ బింగ్, యాండెక్స్ సెర్చ్ ఇంజిన్లు కలిసి పేజీ మారిన వెంటనే సైటే కబురు పంపే ఇండెక్స్‌నౌ పద్ధతిని తెచ్చాయి. అందులో కబురు పంపేవారు తమ సర్వర్‌లో ఒక రహస్య సంకేతమున్న చిన్న ఫైలును ముందుగా పెట్టి ఉంచాలి, ఆ ఫైలు ఏ ఫోల్డరులో ఉంటే దాని కింది చిరునామాలకే ఆ కబురు చెల్లుతుంది.