ఉత్తుత్తి ఆపద నిజమైతే?

మా చెల్లెలి కొడుకు హకీంపేటలో వైమానికదళం వారి హెలికాప్టర్ శిక్షణకి చేరాడనగానే ఇంటిల్లిపాదీ స్వీట్లు పంచుకున్నాం. చెల్లెలిది మాత్రం ఒకటే గొడవ. "గాల్లో ఉండగా ఇంజను ఆగిపోతే ఏంరా?" అని. వాడు నవ్వేసి, "ఆగినట్టు చేసి దిగడమే కదమ్మా మాకు నేర్పేది" అన్నాడు. దాంతో దాని భయం పోవడం అటుంచి, రెట్టింపయ్యింది! నాకూ కుతూహలం పుట్టి వాణ్ణి అడిగాను, దొరికిందల్లా చదివాను.

ఇంజను ఆగితే హెలికాప్టర్ రాయిలా పడిపోదట. చిన్నప్పుడు తాటాకు గాలిమర పట్టుకుని పరిగెత్తేవాళ్లం, గుర్తుందా? ఎదురుగాలికి అదే తిరిగేది. ఇక్కడా అంతే. పైలట్ వెంటనే ఎడమచేతి దగ్గరి లివర్‌ని దించేస్తే, కిందికి దిగుతున్నకొద్దీ కింది నుంచి వచ్చే గాలికి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. దీన్ని ఆటోరొటేషన్ అంటారు. నేల దగ్గర పడ్డాక ముక్కు పైకెత్తి వేగం తగ్గించి, చివరి క్షణంలో లివర్ లాగితే రెక్కల్లో ఉన్న ఊపుతో మెత్తగా దిగొచ్చు. ఆ ఊపు ఒక్కసారికే సరిపోతుంది. కంగారుపడి పైనే వాడేసుకుంటే కింద మిగలదు.

శిక్షణలో పక్కసీట్లో గురువు ఉంటాడు. సాధారణంగా ఇంజను ఆపెయ్యడు, జోరు తగ్గిస్తాడు. నేలకి కొద్ది అడుగుల ఎత్తులో మళ్లీ జోరు పెంచి పైకి లేస్తారు. మరి ప్రమాదం ఎక్కడ? శిష్యుడు ఉలిక్కిపడి లివర్ దించడం క్షణం ఆలస్యం చేస్తాడు. రెక్కల వేగం పడిపోతుంది. 'తనే సర్దుకుంటాడులే' అని గురువు ఇంకో క్షణం చూస్తాడు. ఆ రెండు క్షణాలూ కలిసేసరికి గురువు చేతిలోనూ ఏమీ ఉండదు.

అమెరికాలో తయారయ్యే రాబిన్సన్ ఆర్-22 అనే రెండు సీట్ల హెలికాప్టర్‌ మీద ఎంతోమంది ఓనమాలు దిద్దారు. చవక, చిన్నది. కానీ రెక్కలు తేలిక, వేగం ఇట్టే పడిపోతుంది. చెప్పాపెట్టకుండా ఇంజను జోరు తగ్గించి శిష్యుణ్ణి పరీక్షించడం ప్రాణాంతకమని, ముందు చెప్పి చెయ్యమని ఆ కంపెనీయే గురువులకి హెచ్చరిక రాసింది. 1995లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. కొత్తవాళ్లు ఆర్-22లో ఒంటరిగా ఎగరాలంటే ముందు గురువుతో కనీసం 20 గంటలు. నేర్పేవాళ్లకైతే హెలికాప్టర్ల మీద 200 గంటలు, అందులో 50 ఆర్-22 మీదే ఉండాలన్నారు. శిష్యుడి కన్నా గురువు మీదే ఎక్కువ బరువు పెట్టారన్నమాట. నాకది నచ్చింది.

చెప్పొద్దూ, అది చదువుతుంటే సిగ్గేసింది. మా అమ్మాయి స్కూటర్ నేర్చుకునేటప్పుడు వెనక కూర్చుని, బ్రేకు వేస్తుందో లేదో చూద్దామని ఉన్నట్టుండి "కుక్క!" అని అరిచింది నేనే. దాని మోకాలి మీద మచ్చ ఇంకా ఉంది. "చూసుకోవద్దూ?" అని తిట్టింది కూడా నేనే.

మొన్న సెలవులకి వచ్చినప్పుడు వాణ్ణి పక్కకి పిలిచి అడిగాను, "మీ గురువుగారు ముందు చెప్తారట్రా?"

"చెప్తారు పెద్దమ్మా" అన్నాడు. వంటింటివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "ఏ రోజు ఉంటుందో అమ్మకే నేను చెప్పను" అన్నాడు.