తోట కుంటలో ఏ చేపలు వేయాలి?

ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య చిన్న కుంట తవ్వారనుకోండి. కప్పలూ తూనీగలూ రావాలంటే చేపలు అసలు వేయకపోవడమే మేలు. ఎందుకు? చాలా చేపలు కప్పల గుడ్లను, తోకకప్పలను తినేస్తాయి. ఎండాకాలంలో ఎండిపోయే గుంటల్లో చేపలుండవు. అందుకే తొలకరి పడగానే కప్పలు అక్కడ చేరి గుడ్లు పెడతాయి.

మరి దోమలు? తూనీగ పిల్లలు నీళ్లలోనే పెరుగుతూ దోమ పిల్లలను తింటాయి. దోమల కోసం చెరువుల్లో వదిలే గంబూసియా అమెరికా చేప. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. అది దోమ పిల్లలతో ఆగదు, తోకకప్పలనూ కొరుకుతుంది. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లలనే కంటుంది. అందువల్ల కుంట త్వరగా దానితోనే నిండిపోతుంది. వానలకు కుంట పొంగితే గెడ్డల్లోకీ చేరుతుంది. దాన్ని మాత్రం వేయకండి.

ఏడాదంతా నీళ్లుండే కుంటైతే పంచాక్స్ చేపలు నాలుగైదు చాలు. ఇవి మన తూర్పు తీరపు నీళ్లవే. తల మీద మెరిసే చుక్కతో నీటి పైపైనే తిరుగుతూ దోమ పిల్లలను పడతాయి. అంచుల్లో నీటి మొక్కలు దట్టంగా పెంచితే తోకకప్పలు దాక్కోగలవు.

టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి వచ్చే పెలికాన్లకు చేపలు పట్టుకోవడానికి పెద్ద చెరువులున్నాయి. మీ చిన్న కుంటను కప్పలకు వదలండి.