గణితం సార్‌ను తికమక పెట్టిన పిల్లి

కాళేశ్వరం వెళ్లిన వాళ్లకు తెలుసు, అక్కడ పూజకో వరుస ఉంది. గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ముందు కాళేశ్వరుడికి, ఆ తర్వాతే ముక్తీశ్వరుడికి. వరుస మార్చరు. కంప్యూటర్‌తో పని చేయించడం కూడా ఇలాంటిదే. ఏది ముందు, ఏది తర్వాత అనేది తేల్చి చెబితే సగం పని అయిపోయినట్టే. కోడింగ్ అనగానే బెదిరిపోయే టీచర్లకు శిక్షణ మొదలుపెట్టేటప్పుడు నేను చెప్పే తొలి పాఠం ఇదే.

మహదేవపూర్, కాటారం వైపు ప్రభుత్వ బడుల నుంచి వచ్చిన టీచర్లకు బ్లాక్ కోడింగ్ నేర్పడానికి వెళ్లినప్పుడు గదిలో ముందు వినిపించిన మాట, "గిది మాతోని అయితదా సార్?" అన్నది. ఆ మాట అన్నాయన పాతికేళ్లుగా లెక్కలు చెబుతున్నారు. ఆయన భయం కంప్యూటర్ గురించి కాదని కాసేపటికి అర్థమైంది. "ఫోన్ల పిలగాండ్లు మాకన్న హుషారు. వాళ్ల ముంగట నాకు రాకపోతే ఇజ్జత్ ఏముంటది?" అన్నారు. ఇదీ అసలు చిక్కు.

అసలేమిటీ బ్లాకులు?

పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పాలన్న ఆలోచన కొత్తదేం కాదు. 1967లోనే సేమర్ పాపర్ట్, ఆయన సహచరులు 'లోగో' అనే భాష తయారు చేశారు. అందులో తాబేలు మన ఆజ్ఞలు విని గీతలు గీసేది. ఆ బాటలోనే అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో 'స్క్రాచ్'ను విడుదల చేసింది. ఇందులో టైపు చేసే బాధ దాదాపు లేదు. రంగురంగుల ఆజ్ఞల ముక్కలుంటాయి. కదలికలకు నీలం, 'మళ్లీ మళ్లీ చెయ్యి' లాంటి వాటికి నారింజ రంగు. ఒకదాని కింద ఒకటి అతికిస్తే తెర మీది పిల్లి అలా నడుస్తుంది. పొసగని ముక్కలు అసలు అతుక్కోవు. ఒకసారి కంప్యూటర్‌లో ఎక్కించుకుంటే నెట్ లేకున్నా పని చేస్తుంది. సిగ్నల్ సరిగా అందని అడవి పక్క ఊళ్లకు ఇది పెద్ద వరం.

2020 నాటి జాతీయ విద్యా విధానం మాధ్యమిక దశలో, అంటే 6 నుంచి 8 తరగతుల్లో, కోడింగ్ ఉండాలంది. 2025లో తెలంగాణ విద్యాశాఖ ఈ పని కోసం పై జామ్ ఫౌండేషన్‌తో ఒప్పందం కూడా చేసుకుంది. హైదరాబాద్ పిల్లాడికి బడిలో కాకపోతే ట్యూషన్‌లో దొరుకుతుంది. గోదావరి ఒడ్డున ఉన్న పిల్లకు మాత్రం టీచర్ ల్యాబ్ తాళం తీస్తేనే చదువు.

త్రిభుజం దగ్గర ఆగిన బండి

మొదటి పూట కంప్యూటర్ ముట్టుకోం. ఒక టీచర్ కళ్లకు గంతలు కట్టి, మిగతావాళ్లు "రెండడుగులు ముందుకు, కుడికి తిరుగు" అంటూ తలుపు దాకా నడిపించాలి. "గట్ల కాదు, కొంచెం పక్కకు" అంటే ఆయన కదలకూడదు. కొంచెం అంటే ఎంత? పక్క అంటే ఏ పక్క? గదంతా నవ్వులే. కానీ స్పష్టంగా చెప్పడం ఎంత కష్టమో అందరికీ తెలిసొస్తుంది.

తర్వాత తెర మీద చతురస్రం. '100 అడుగులు నడువు, 90 డిగ్రీలు తిరుగు', ఈ రెండింటినీ నాలుగుసార్లు చేయించాలి. గీత గీసే పెన్ను బ్లాకులు మామూలుగా కనిపించవు. ఎడమవైపు అడుగున ఉన్న గుర్తు నొక్కి తెచ్చుకోవాలి. అది దొరికాక చతురస్రం అందరికీ వచ్చేసింది.

ఇక సమబాహు త్రిభుజం. లెక్కల సార్ ధీమాగా మూడుసార్లు, 60 డిగ్రీలు అని పెట్టారు. పచ్చజెండా నొక్కారు. త్రిభుజం రాలేదు, మూత లేని గిన్నె లాంటి బొమ్మ వచ్చింది. అది షడ్భుజిలో సగం. "త్రిభుజంల కోణం 60 కాదా మరి?" అన్నారు. నేను జవాబు చెప్పలేదు. పక్కనున్న మేడం లేచి నేల మీద చాక్‌తో త్రిభుజం గీసి, దాని మీద తనే నడిచారు. మూల దగ్గర ఆగి, "సార్, నేను తిరిగేది లోపటి కోణం కాదు, బయటి కోణం!" అన్నారు. 180లోంచి 60 తీస్తే 120. మార్చగానే త్రిభుజం మూసుకుంది. సార్ మొహం వెలిగిపోయింది. "బాహ్యకోణం ఇన్నేండ్లు బోర్డు మీద చెప్పిన. గిప్పుడు నడిచి చూసిన" అన్నారు.

శిక్షణలో నేను కోరుకునేది సరిగ్గా ఇదే. టీచర్ పది మంది ముందు తప్పు చేసి, తప్పెక్కడుందో వెతికి, సరిచేసుకోవాలి. రేపు తరగతిలో పిల్లి అడ్డదిడ్డంగా తిరిగితే "నాకూ తెలియదురా, పద చూద్దాం" అనగలిగే ధైర్యం అప్పుడొస్తుంది. ఆ మాటతో ఇజ్జత్ పోదు. బ్లాకులన్నీ వచ్చిన టీచర్ కంటే, ఈ మాట అనగలిగిన టీచరే పిల్లలకు ఎక్కువ నేర్పుతారు.

బడికి వెళ్లాక ఏం చేయాలి?

• ఒక్క కంప్యూటర్ చుట్టూ ముగ్గురు పిల్లలను కూర్చోబెట్టండి. ఒకరు మౌస్ పడితే ఒకరు చెప్పాలి, ఇంకొకరు తప్పులు పట్టాలి. పది నిమిషాలకోసారి మార్చండి. లేకపోతే మౌస్ ఎప్పుడూ ఒక్కరి చేతిలోనే, అదీ ఎక్కువగా మగపిల్లాడి చేతిలోనే ఉండిపోతుంది.

• ఉదాహరణలు ఊళ్లోంచే తీసుకోండి. 'నీళ్లు ఘాట్ మెట్టు దాటితే గంట మోగించు, లేకపోతే ఊరుకో' అంటే, గోదావరి వరద చూసిన పిల్లలకు 'అయితే-లేకపోతే' బ్లాకు వేరే చెప్పక్కర్లేదు.

• ఇది లెక్కల టీచర్ల సొత్తు కాదు. తెలుగు మేడం రెండు బొమ్మల మధ్య సంభాషణ రాయించవచ్చు. సైన్స్ సార్ నీటిచక్రం ఆడించవచ్చు.

• మౌస్ మీ చేతిలోకి తీసుకుని పిల్లల తప్పు మీరు దిద్దకండి. "నువ్వేం అనుకున్నవ్, పిల్లి ఏం చేసింది?" అని అడిగి ఊరుకోండి.

శిక్షణ అయిపోయిన వారంలోగా ఒక్క పీరియడైనా ల్యాబ్ తెరవమని అందరినీ అడుగుతాను. ఆలస్యమైతే నేర్చుకున్నది జారిపోతుంది, పాత భయం తిరిగొస్తుంది. ఆ లెక్కల సార్ నాలుగో రోజే ఫోన్ చేశారు. "ఏడో తరగతి పిల్ల నన్ను అయిదు మూలల చుక్క గీయమన్నది సార్. ఎన్ని డిగ్రీలో చెప్పకుండ్రి, మేమే చూసుకుంటం" అని పెట్టేశారు.