తుర్రెబాజ్ ఖాన్ పాఠం పూర్తిగా చెబుదాం

ఎవడైనా కాస్త బడాయికి పోతే "నువ్వేమన్న పెద్ద తుర్రంఖానువా?" అని మన ఊళ్ళలో దెప్పుతారు. పెద్దలంటారు, పిల్లలూ అంటారు. ఆ తుర్రంఖాన్ ఎవరని అడిగితే మాత్రం చాలామందికి తెలియదు. ఆ మాట తుర్రెబాజ్ ఖాన్ పేరు మీదనే పుట్టిందంటారు. ఆయన 1857లో హైదరాబాద్ నగరంలో ఆంగ్లేయుల మీద ఆయుధమెత్తిన జమేదార్. దేశం కోసం ప్రాణమిచ్చిన మనిషి పేరు బడిపిల్లల నోట వెక్కిరింతగా మిగిలిపోవడం విచారకరం.

1857 అనగానే బడిలో మీరట్, ఢిల్లీ, ఝాన్సీ, లక్నో అని చెబుతాం. అవి చెప్పవలసినవే. కానీ బాల్కొండ పిల్లవాడికి మీరట్ కన్నా తూప్రాన్ దగ్గర. ఇక్కడి నుంచి హైదరాబాద్ పోయే దారిలో తగిలే ఊరది. తుర్రెబాజ్ ఖాన్ నేలకొరిగింది ఆ తూప్రాన్ దగ్గరే. అందుకని మేము ఈ పాఠాన్ని ఆ దారి నుంచే మొదలుపెడతాం.

ఆ ఏడాది మే 10న మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. ఢిల్లీ మీదికి పోవడానికి ఇష్టపడని చీదా ఖాన్ అనే జమేదార్ కొందరు సిపాయిలతో హైదరాబాద్ చేరాడు. నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ వారిని పట్టించి ఆంగ్లేయ రెసిడెంటుకు అప్పగించారు. నగరం ఉడికిపోయింది. జులై 17 శుక్రవారం. మక్కా మసీదులో జుమా నమాజు తరువాత జనం గుమిగూడి, పట్టుబడిన వారిని విడిపించాలని పట్టుబట్టారు. ఆ సాయంత్రం తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ సయ్యద్ అలావుద్దీన్ నాయకత్వంలో సుమారు 500 మంది కోఠీలోని రెసిడెన్సీ మీదికి నడిచారు. వారిలో ఎక్కువమంది రోహిల్లాలు. రెసిడెన్సీకి ఎదురుగా అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరు సాహుకార్ల ఇండ్లు ఉండేవి. వాటిలో చేరి రాత్రంతా తుపాకులు పేల్చారు. అయితే సాలార్‌జంగ్ ముందే కబురు పంపినందున అవతలివారు సిద్ధంగా ఉన్నారు. ఫిరంగుల ముందు నిలవలేక వీరు తెల్లవారకముందే వెనుదిరిగారు.

తరువాత తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డారు. యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడింది. అండమాన్‌కు పంపేలోగా 1859 జనవరి 18న నిర్బంధం నుంచి తప్పించుకున్నారు. ఆరు రోజులకే, జనవరి 24న, తూప్రాన్ దగ్గర ఆయనను చంపివేశారు. మిగతావారికి భయం పుట్టాలని శవాన్ని నగరానికి తెచ్చి వేలాడదీశారు. మౌల్వీ అలావుద్దీన్‌ను 1859లో అండమాన్‌కు పంపారు. ఆయన ఇంటిముఖం చూడకుండా అక్కడే కన్నుమూశారు. అండమాన్ అనగానే పిల్లలకు సెల్యులార్ జైలు గుర్తుకొస్తుంది. ఆ జైలు కట్టడం మొదలైంది 1896లో. మౌల్వీ సాహెబ్‌ను పంపేనాటికి ఖైదీల చేతనే అక్కడి అడవులు కొట్టిస్తున్నారని చెబితే, ఆ శిక్ష ఎంత కఠినమైనదో వారికి అర్థమవుతుంది.

ఇంతవరకు పిల్లలు ఉత్సాహంగా వింటారు. అప్పుడు ఒకరు లేచి "చంపింది తెల్లవాళ్ళేనా సార్?" అని అడుగుతారు. జవాబు దాచకూడదు. ఆయనను తూప్రాన్ దగ్గర మట్టుబెట్టింది అక్కడి తాలూక్‌దార్ మీర్జా ఖుర్బాన్ అలీ బేగ్ మనుషులు. ఆంగ్లేయుల పక్షాన నిలిచిన సాలార్‌జంగ్ కూడా ముస్లిమే. రాజ్యం నిలవాలంటే అదే మార్గమని ఆయన అనుకున్నారు. 1856లో నగరంలో దారుల్ ఉలూమ్ బడిని నెలకొల్పిన దివాన్ కూడా ఆయనే. ఒకే మనిషిలోని ఈ రెండు పనులనూ పిల్లలకు చెప్పాలి.

ఆగస్టు 15 ఉపన్యాసాల్లో తమ పెద్దల పేర్లు ఒక్కటీ వినిపించకపోతే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు. వాడిని ఊరడించాలని ఇంట్లో "పోరాడిందంతా మనవాళ్ళే" అని చెబుతాం. మొదటిది అన్యాయం. రెండోది ఊరడింపే కావచ్చు గానీ నిజం కాదు. తుర్రెబాజ్ ఖాన్‌ను ఆయన చేసిన పని వల్ల గౌరవించడం నేర్పితే, అదే కొలతతో పిల్లవాడు ఝాన్సీ రాణినీ గౌరవిస్తాడు.

ఈ కొలత 1948 పాఠానికి మరీ అవసరం. హైదరాబాద్ భారతదేశంలో కలవాలని రాసినందుకు ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆ ఏడాది ఆగస్టులో హత్య చేశారు. ఆ ఉర్దూ కలాన్ని ఆపింది రజాకార్లు. సెప్టెంబర్ 17న నిజాం సైన్యం లొంగిపోయింది. ఆ తరువాత సంస్థానంలోని పడమటి జిల్లాల్లో ఎందరో అమాయక ముస్లింలు ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ సంగతి నమోదు చేసింది. రజాకార్ల దౌర్జన్యం చెప్పి దీనిని వదిలేసినా, దీనిని చెప్పి దానిని వదిలేసినా, బడిలో ఒక చరిత్ర, ఇంట్లో ఒక చరిత్ర విని పిల్లవాడు తికమకపడతాడు.

ఉపాధ్యాయ సోదరులకు, తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లలను హైదరాబాద్ తీసుకుపోయినప్పుడు చార్మినార్, జూపార్కులతో పాటు కోఠీ కూడా చూపించండి. నాటి రెసిడెన్సీ భవనం తరువాత ఆడపిల్లల కళాశాల అయింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో ఉన్న మహిళా విశ్వవిద్యాలయంలో ఉంది. దగ్గరలోనే తుర్రెబాజ్ ఖాన్ స్మారకం ఉంది. దారిలో తూప్రాన్ రాగానే పిల్లలకు ఒక మాట చెప్పండి. ఇంటికొచ్చాక చూసింది, విన్నది ఉర్దూలోనో తెలుగులోనో ఒక పేజీ రాయించండి.

సాక్ష్యం చెప్పేటప్పుడు తనవారు, పరాయివారు అని చూడకూడదన్నది మన దీన్ నేర్పిన మాట. చరిత్ర పాఠం చెప్పడమూ సాక్ష్యం చెప్పడమే. రేపు ఎవరైనా "తుర్రంఖానువా?" అని దెప్పితే, ఆ తుర్రంఖాన్ ఎవరో, ఎక్కడ ఎందుకు చనిపోయాడో మన పిల్లలు నిదానంగా చెప్పగలగాలి.