ముందు బ్రేకు, ఆ తర్వాతే ఇంజను

పాత ట్రక్కు అమ్మకానికి ఉందంటే చూడ్డానికి వెళ్లినవాళ్లంతా ముందు బోనెట్ ఎత్తిస్తారు. క్రోమ్ మూతలు, మెరిసే పైపులు, సెల్ఫ్ కొట్టగానే ఛాతీలో మోగే చప్పుడు చూసి సగం బేరం అక్కడే ఒప్పేసుకుంటారు. నేల మీద పట్టా పరుచుకుని బండి కిందికి దూరేవాడు ఏ పదిమందిలోనో ఒకడుంటాడు. నన్నడిగితే బండి కొనడం తెలిసినవాడు అతనే. షెవర్లే 3100 పికప్ 1947లో పుట్టింది, పొలాల్లో అరిగింది, తుక్కు దుకాణం గేటు దాకా వెళ్లొచ్చింది. ఇవాళ అమెరికాలో కొత్త కారుతో పోటీపడే ధరకు అమ్ముడుపోతోంది. దాని కథ చెప్పుకోవాలన్నా కింది నుంచి మొదలుపెట్టడమే మేలు.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా కార్ల కంపెనీలన్నీ సైన్యానికి సామాను చేశాయి. యుద్ధం ముగిశాక కొన్నాళ్లు చాలావరకు పాత నమూనాలకే మెరుగులు దిద్ది అమ్ముకున్నాయి. జనరల్ మోటార్స్ మాత్రం 1947 వేసవిలో, తన కార్లకంటే ముందు, ట్రక్కులను సరికొత్తగా తీర్చి బజారులోకి వదిలింది. ఆ వరుసకు పెట్టిన పేరు అడ్వాన్స్ డిజైన్. అందులో అర టన్ను పికప్పే 3100. ముగ్గురు పక్కపక్కన కూర్చునేంత వెడల్పు క్యాబ్, మడ్‌గార్డుల్లో ఒదిగిన హెడ్‌లైట్లు, ముందు అయిదు అడ్డ పట్టీల గ్రిల్, డీలక్స్ క్యాబ్ కొన్నవాళ్లకు వెనక మూలల్లో వంపు తిరిగిన అద్దాలు. తొట్టి అడుగున చెక్క పలకలు, వాటి మధ్య ఉక్కు పట్టీలు. 1955 మొదట్లో తయారీ ఆగేదాకా దాదాపు ఇదే రూపం. ఆ ఏళ్లన్నిటా ట్రక్కుల అమ్మకాల్లో అమెరికాలో షెవర్లేదే పైచేయి.

ఇక్కడ ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి. ఈ ట్రక్కు తయారీ ఆగిన మరుసటి ఏడాది, 1956లో, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ అంతర్రాష్ట్ర రహదారుల చట్టం మీద సంతకం చేశాడు. ఇవాళ మనవాళ్లు డల్లాస్ నుంచి హ్యూస్టన్‌కు దూసుకెళ్లే రోడ్లన్నీ ఆ తర్వాతివే. అంటే 3100ని గీసిన ఇంజనీర్లు ఊహించుకున్న రోడ్డు వేరు. పొలం నుంచి ఊళ్లోకి, ఊళ్లోంచి రైల్వే గూడ్స్ షెడ్డుకు, గంటకు 70 కిలోమీటర్లు దాటితే ఎక్కువే అనుకునే ప్రయాణాలు. ఈ బండికి ఇవాళ చేసే మార్పులన్నీ, వాళ్లు చూడని రోడ్డుకు దాన్ని సిద్ధం చేయడానికే.

అప్పటి ఇంజనునే తీసుకోండి. ఆరు సిలిండర్లు, 216 ఘనపుటంగుళాలు, అంటే మన లెక్కలో మూడున్నర లీటర్లు. నిమిషానికి 3,300 చుట్ల దగ్గర 90 హార్స్‌పవర్. కనెక్టింగ్ రాడ్ల అడుగున బ్యాబిట్ అనే మెత్తటి మిశ్రలోహం పోసిన బేరింగులు ఉండేవి. వాటికి ఆయిల్ ఇప్పటిలా ఒత్తిడితో అందేది కాదు. ప్రతి రాడ్డు చివరా బుల్లి గరిటె లాంటి మూతి ఒకటి ఉండేది. రాడ్డు కిందికి వచ్చినప్పుడల్లా అది ఆయిల్‌లో మునిగి, కాస్త తోడుకుని పైకి పోయేది. డ్యాష్‌బోర్డులో ఆయిల్ మీటరు 30 దగ్గరే ఆగిపోతుంది, అంతకుమించి చూపించాల్సిన అవసరమే లేదు. నెమ్మదిగా తిరిగినంత కాలం ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి పనిచేసింది. చిక్కంతా ఎక్కువ వేగంతో ఆగకుండా పోవాల్సి వచ్చినప్పుడే. ఈ ట్రక్కు వెనక యాక్సిల్ నిష్పత్తి 4.11. గంటకు 105 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలంటే టాప్ గేర్లో కూడా ఇంజను 3,200 చుట్ల దగ్గర తిరగాలి. దాదాపు దాని శక్తి శిఖరం అదే. హైవే మీద గంటసేపు ఆ ఇంజనును అక్కడే నిలిపితే ఆ గరిటెల పని ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సరే, ఇంజను మార్చేశాం అనుకుందాం. వేగం వచ్చింది. ఆపేదెలా?

కదిలే బండిలో ఉండే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇద్దరు మనుషులతో కలిపి 1,600 కిలోలున్న బండి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, దాన్ని ఆపేటప్పుడు పుట్టే వేడి అర లీటరు నీళ్లను మరిగించగలదు. 100లో వెళ్తుంటే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. రెండు లీటర్లు మరుగుతాయి. ఆ వేడంతా కొన్ని సెకన్లలో నాలుగు చక్రాల దగ్గర పుట్టి బయటికి పోవాలి. 3100కి నాలుగూ డ్రమ్ బ్రేకులే. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి, లోపలి నుంచి ఒత్తే బ్రేక్ షూలకు దూరంగా జరుగుతుంది. పెడల్ ఇంకా కిందికి పోతుంది, పట్టు మాత్రం తగ్గుతుంది. కొండ దిగుతూ ఒకటికి రెండుసార్లు గట్టిగా తొక్కినవాళ్లకు ఇది అనుభవమే. డిస్క్ బ్రేకులో రేకు వేడెక్కి మందమైతే ప్యాడ్‌కు ఇంకా దగ్గరవుతుంది. పైగా అది గాలికి తెరిచి ఉంటుంది, వానలో తడిసినా త్వరగా ఆరిపోతుంది.

ఇంకో సంగతి. ఆ రోజుల్లో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే మాస్టర్ సిలిండర్, ఒకటే దారి. క్యాబ్ అడుగున చాసిస్‌కు బిగించి ఉంటుంది కాబట్టి దాన్నెవరూ తరచూ చూసేవారు కాదు. ఎక్కడో ఒక పైపు పగిలితే నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. విడివిడిగా రెండు దార్లు ఉండాలన్న నిబంధన అమెరికాలో కార్లకు 1968 నాటికి గానీ రాలేదు. అందుకే మార్చిన ట్రక్కు కొనేటప్పుడు కిందికి దూరి నేను మొదట వెతికేది రెండు గదుల మాస్టర్ సిలిండర్ ఉందా, ముందు చక్రాలకు డిస్కులున్నాయా అని.

ఇంజనుకూ బ్రేకుకూ మధ్య చాలామందికి తెలియని చుట్టరికం ఒకటుంది. డ్రమ్ములో షూ ఒకసారి పట్టుకుంటే తిరిగే డ్రమ్మే దాన్ని ఇంకా లోపలికి లాక్కుంటుంది. డిస్కులో ఆ సాయం లేదు, పాదమే ఎక్కువ బలం పెట్టాలి. అందుకని బూస్టర్ తగిలిస్తారు. ఆ బూస్టర్ పనిచేసేది ఇంజను ఇన్‌టేక్‌లో పుట్టే వాక్యూమ్‌తో. ఇప్పుడు కుర్రాళ్లు చప్పుడు బాగుంటుందని దూకుడు క్యామ్‌షాఫ్ట్ వేయిస్తారు. దాంతో వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉండి, ఐడిల్‌లో వాక్యూమ్ పడిపోతుంది. ఆ చప్పుడు వినసొంపుగానే ఉంటుంది, కానీ సిగ్నల్ దగ్గర బ్రేకు పెడల్ బండరాయిలా బిగుసుకుంటుంది. చప్పుడుకు మురిసిపోయి కొన్నవాళ్లు నెల తిరక్కుండా ఎలక్ట్రిక్ వాక్యూమ్ పంపు కోసం వెతుకుతుంటారు.

ముందు యాక్సిల్ ముచ్చట దీనికంటే తమాషా. 3100కి ముందు చక్రాల దగ్గర కూడా కమాను కట్టలు, ఒకే దూలం లాంటి యాక్సిల్. ఎడమ చక్రం గుంతలో పడితే కుడి చక్రం కూడా తల ఊపుతుంది. దీనికి అమెరికా గ్యారేజీలు కనుక్కున్న మందు ఎక్కడిదంటే, ఫోర్డ్ 1974 నుంచి 1978 వరకు అమ్మిన మస్టాంగ్ టూ అనే చిన్న కారుది. మస్టాంగ్ అభిమానులు ఇప్పటికీ మొహం చిట్లించే మోడల్ అది. కానీ దాని ముందు భాగంలో ఒక్కో చక్రానికి విడివిడిగా స్ప్రింగులు, ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్, అన్నీ ఒక చిన్న అడ్డ దూలం మీద ఇమిడిపోయాయి. ఏ పాత చాసిస్‌కైనా కొలత చూసి వెల్డింగ్ చేసుకోవచ్చు. కారు పేరు మాసిపోయింది, దాని కాళ్లకు నకళ్లు మాత్రం ఇప్పటికీ కిట్లుగా అమ్ముడవుతున్నాయి. షెవర్లే బ్యాడ్జి కింద ఫోర్డ్ కాళ్లు! కరడుగట్టిన షెవర్లే భక్తులు కూడా దీని గురించి నోరెత్తరు.

3100తో వచ్చిన ఆరు వోల్టుల కరెంటుదీ ఇదే వరస, మార్చక తప్పదు. సెల్ఫ్ మోటారుకు 1,200 వాట్లు కావాలంటే 12 వోల్టుల దగ్గర 100 ఆంపియర్లు చాలు, 6 వోల్టుల దగ్గర 200 కావాలి. వైరులో వేడిగా పోయే నష్టం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే వైరులో అది నాలుగింతలు. ఎవరో బజారులో దొరికిన సన్న కేబుల్ వేసి, ఇంజను వేడిగా ఉన్నప్పుడు సెల్ఫ్ ఈడ్చుకుంటోందని తిట్టుకుంటారు. ఏసీ, ఎలక్ట్రిక్ ఫ్యాను, ఫ్యూయల్ ఇంజెక్షన్ కావాలంటే 12 వోల్టులకు మారక తప్పదు.

ఇక అందరూ ముందు చూసే ఇంజను. ఇప్పుడు ఎక్కువగా దిగుతున్నది జనరల్ మోటార్స్ వాళ్ల ఎల్ఎస్ అనే వీ8 ఇంజన్ల కుటుంబం. 1997లో కార్వెట్ స్పోర్ట్స్ కారుతో మొదలైంది, 1999 మోడల్ నుంచి మామూలు ట్రక్కుల్లోకి 5.3 లీటర్ల రూపంలో వచ్చింది. లక్షల ట్రక్కుల్లో పడింది కాబట్టి తుక్కు యార్డుల్లో కొల్లలుగా దొరుకుతుంది. మొదట్లో దానికి 270 హార్స్‌పవర్, అంటే పాతదానికి సరిగ్గా మూడింతలు. నాకు నచ్చిన విషయం వేరే. ఇంత ఆధునిక ఇంజనులో కూడా క్యామ్‌షాఫ్ట్ బ్లాకులోనే ఉంటుంది, పొడుగాటి పుష్‌రాడ్లే వాల్వులను కదుపుతాయి. 3100లోని ఆరు సిలిండర్లదీ ఇదే పద్ధతి. తల మీద క్యామ్‌లు లేకపోవడంతో సిలిండర్ హెడ్లు చిన్నవి, ఇంజను వెడల్పు తక్కువ. ఆనాటి సన్నటి బోనెట్ కింద పట్టడానికి కారణం అదే. తల మీద క్యామ్‌లున్న వీ8 అయితే రెండు పక్కలా చాసిస్‌తో, స్టీరింగ్‌తో పోట్లాడాల్సిందే. దీనికి ఓవర్‌డ్రైవ్ ఉన్న నాలుగు గేర్ల ఆటోమేటిక్, 3.73 యాక్సిల్ జతచేస్తే, ఇందాక 3,200 చుట్లు అడిగిన అదే 105 కిలోమీటర్ల వేగానికి 2,000 చాలు.

మా బావమరిది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఇలాంటి 1953 మోడల్ కొనాలని పట్టుబట్టాడు. తయారుగా ఉన్నదే కొనమని చెప్పాను. సొంతంగా చేయించుకుంటే అయ్యే ఖర్చు సాధారణంగా దాన్ని అమ్మితే వచ్చే ధరను దాటిపోతుంది, ఆ నష్టం ముందు యజమాని భరించడమే మనకు మంచిది. ఒకచోట చెర్రీ ఎరుపు బండి చూశాం. అద్దంలా ఉంది పెయింటు. గీతలు పడకుండా మెత్తటి గుడ్డ చుట్టిన అయస్కాంతం అతని చేతికిచ్చాను. తలుపులకు టప్పున అంటుకుంది, మడ్‌గార్డుకూ అంటుకుంది. క్యాబ్ వెనక కింది మూల దగ్గర మాత్రం జారిపోయింది.

"బావా, ఇక్కడ పట్టట్లేదేంటి?"

"అక్కడ ఇనుము లేదురా, లప్పం ఉంది."

వేలితో కొట్టి చూస్తే మిగతా రేకు ఖణేల్‌మంటుంది, అక్కడ మాత్రం మొద్దు చప్పుడు. ఈ బండ్లకు క్యాబ్ మూలలు, కాళ్లు పెట్టే చోటి రేకు, తలుపు కింది కీలు స్తంభం, వీటిలోనే మట్టీ తేమా చేరి తుప్పు మొదలవుతుంది. ఇనుము తుప్పయితే పరిమాణం పెరిగి పొరలుగా లేస్తుంది, మళ్లీ లోపలికి తేమకు దారి ఇస్తుంది. పైన లప్పం పూస్తే అది చీకట్లో తన పని తాను చేసుకుపోతుంది. అమ్మేవాడు చిరునవ్వు నవ్వి ధర తగ్గిస్తానన్నాడు. మేం దండం పెట్టి వచ్చేశాం. తర్వాత కొన్న బండికి పెయింటు వెలిసిపోయి ఉంది, రేకు మాత్రం అసలుది. ఎడమ తలుపు స్తంభం మీద రివెట్లు కొట్టిన పలకలోని నంబరునూ, టైటిల్ కాగితంలోని నంబరునూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. పూర్వం కొన్ని రాష్ట్రాల్లో ఇంజను నంబరుతోనే రిజిస్టర్ చేసేవారు. ఇంజను మారిస్తే కాగితాల్లో ఉన్న బండి మాయమైపోయినట్టే.

నడిపితే ఎలా ఉంటుంది? ఎత్తయిన సీటు, ముందు గుమ్మటంలా బోనెట్, పెద్ద స్టీరింగ్. బోనెట్ వెనకున్న కౌల్ పక్కన మూత తెరిస్తే కాళ్ల దగ్గరికి చల్లగాలి. పెట్రోలు బంకులో ఎవరో పెద్దాయన వచ్చి మా నాన్నకు ఇలాంటిదే ఉండేదని మొదలుపెడతాడు, వెనక బండివాడు కూడా హారన్ కొట్టడు. అయితే 110 దాటితే నిటారు అద్దం మీద గాలి హోరు మొదలవుతుంది, దాన్ని ఏ గ్యారేజీ మార్చలేదు. ఢీకొంటే మాత్రం అది 1953 బండే. నలిగి దెబ్బను మింగే ముందు భాగం లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. మడతపడే స్టీరింగ్ కాలమ్, గట్టి ఊతంతో బిగించిన సీటు బెల్టులు బావమరిది వేయించుకున్నాడు కాబట్టి మా చెల్లెలు ఎక్కడానికి ఒప్పుకుంది.

కంపెనీ కూడా ఈ పని తానే చేసి చూసింది. 2003లో 3100 పోలికలతో, 5.3 లీటర్ల వీ8తో, మడిచి పెట్టే టాపుతో ఎస్ఎస్ఆర్ అనే పికప్‌ను తెచ్చింది. 2006కల్లా ఆపేసింది. బరువెక్కువ, ధర ఎక్కువ, సామాను పట్టే చోటు తక్కువ. తుక్కులోంచి లేచి వచ్చిన బండికున్న గతం దానికి లేదన్నది నా అభిప్రాయం.

దీన్ని హైదరాబాద్ తెచ్చుకుంటే అని బావమరిది అప్పుడప్పుడూ అంటాడు. టెక్సాస్‌లో ఇలా మార్చిన పాత బండ్లకు కస్టమ్ వెహికిల్ అని వేరే నంబరు ప్లేటే ఉంది. మన దగ్గర 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాలకు 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు, ఫీజు 20,000 రూపాయలు. షరతు ఏమిటంటే బండి పెద్ద మార్పులేమీ లేకుండా అసలు రూపంలోనే ఉండాలి. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. ఇతని ట్రక్కులో అసలు రూపంలో మిగిలింది రేకు, గ్రిల్, వైపర్లు. ఆ వైపర్లు కూడా ఇంజను వాక్యూమ్‌తో నడిచేవే, ఎత్తు ఎక్కుతూ యాక్సిలేటర్ తొక్కితే వానలో సగం దారిలో ఆగిపోతాయి. ఎలక్ట్రిక్ మోటారుకు ఆర్డరు పెట్టాడు.